పదిహేడో నంబర్ ట్రైలర్

ఉదయం 9:40. అందరూ బట్టలుతుక్కునే లాండ్రీ షెడ్ నుంచి ఓపల్ ఇంటికొచ్చింది. వంటబల్ల మీది నీలం ఫైలు మాయం!

అందులో ముప్పైయొక్క సంతకాలున్నాయి. చక్రాల మీద లాక్కొచ్చి నిలిపిన ఇళ్ల ఈ ట్రైలర్ పార్కును ఒక కంపెనీ కొని, ఇళ్లు లేపేసి, అపార్ట్‌మెంట్లు కట్టబోతోంది. పార్కులోని యాభైరెండు ఇళ్లలో సగానికి మించి సంతకాలు పెడితే, ఆ స్థలాన్ని కంపెనీకంటే ముందు కొనుక్కునే హక్కు వాళ్లది. కనీసం ఇరవైయేడు కావాలి. కౌంటీ ప్రభుత్వాఫీసులో ఇవ్వడానికి గడువు ఆ రోజే, సాయంత్రం 5 గంటలకు.

10:15కి డిటెక్టివ్ వెర్నా స్కార్ వచ్చింది. తను పుట్టిపెరిగిన ట్రైలర్ పార్కును కూడా ఇలాగే బుల్డోజర్లు నేలమట్టం చేశాయి. ఆ కసి ఆమెకు ఇంకా చల్లారలేదు.

"దొంగెవడో చెప్పు చాలు," అంది డెబ్బైయేళ్ల ఓపల్. "సంకెళ్లు నీ దగ్గరే ఉంచుకో. వాడి తోలు నేను ఒలుస్తా."

"తోలు సంగతి తర్వాత. తలుపు తాళం వేశారా?"

"ఇక్కడ తాళాలెవరు వేస్తారమ్మా! 9:10కి బట్టలు పట్టుకుని షెడ్‌కి వెళ్లా."

"ఫైలు ఎక్కడుంటుందో ఎవరికి తెలుసు?"

"మా అమ్మాయి జోలీన్‌కి, అల్లుడు రాడ్నీకి. నిన్న పార్కు మేనేజర్ కర్ట్ కూడా చూశాడు, వాడి మొహం మండ!"

బయట జనం అప్పటికే కర్ట్‌ను ట్రాక్టర్ మీంచి కిందికి లాగేశారు. వెర్నా అడ్డుపడింది.

"ఎనిమిదిన్నర నుంచి రోడ్డు మీద మంచు తోస్తున్నా మేడమ్!" కర్ట్ లబోదిబోమన్నాడు. "వీళ్లంతా చూశారు. చూసి తిట్టారు కూడా!"

తిట్టినవాళ్లే ఒప్పుకోక తప్పలేదు. జోలీన్ ఉదయం నుంచీ బేకరీ డ్యూటీలో ఉంది. ఫోన్ చేస్తే తేలిపోయింది.

ఇక రాడ్నీ. పక్కనే, పదిహేడో నంబర్ ట్రైలర్. పోలీసులకు ఫోన్ చేసిందీ అతనే.

"9 నుంచి 9:50 దాకా ఎక్కడున్నావ్?"

"ఇంటి కింద. నీళ్ల పైపు గడ్డకట్టింది. పాక్కుంటూ వెళ్లి వెచ్చబెట్టా."

"ఎటునుంచి దూరావ్?"

"వెనకనుంచి. దారి అదొక్కటే."

వెర్నా ఆ ఇంటి వెనక్కి నడిచింది. ట్రైలర్ అడుగున చుట్టూ బిగించిన రేకుల సందులోంచి టార్చ్ వేసింది. రెండు నిమిషాలు చూసింది. తర్వాత ఇంకో ఆరిళ్ల కిందా చూసింది. జోలీన్ డ్యూటీ దిగాక అందర్నీ లాండ్రీ షెడ్‌కి రమ్మంది.

మధ్యాహ్నం 3:30. లాండ్రీ షెడ్ కిక్కిరిసింది. జోలీన్ కూడా వచ్చింది.

"మంచు పడటం ఉదయం 6కే ఆగింది," వెర్నా మొదలుపెట్టింది. "నేను చూసేసరికి పదిహేడో నంబర్ వెనక మోకాలెత్తు మంచు చెక్కుచెదరలేదు. ఎలా దూరావ్ రాడ్నీ? ఎలుకవా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. రాడ్నీ నవ్వలేదు.

"ఇంకోటి. ఇక్కడి ఇళ్లకు టైర్లు ఎప్పుడో తీసేశారు. ఉన్నవీ గాలి పోయి నేలకంటుకున్నాయి. నీ ఇంటి కింద మాత్రం కొత్త టైర్లు, నిండా గాలి. ఎక్కడికోయ్ ప్రయాణం?"

రాడ్నీ జోలీన్ వైపు తిరిగాడు.

"సంతకాలు మాయం చేస్తే కంపెనీవాళ్లు వేరే పార్కులో స్థలం ఇస్తామన్నారు," గొణిగాడు. "మనది కొత్త ట్రైలర్ జోలీన్, లాక్కెళ్లిపోవచ్చు. కాగితాలు... పొయ్యిలో వేశా."

"మరి అమ్మ సంగతి?" జోలీన్ నిలదీసింది.

ఓపల్‌ది యాభైయేళ్లనాటి ట్రైలర్. కదిపితే ముక్కలైపోతుంది.

"నా చేతి కూడు తిని నా ఇంటి వాసాలే లెక్కపెట్టావురా!" ఓపల్ అల్లుడి మీదికి దూకబోయింది. నలుగురు పట్టుకోవాల్సి వచ్చింది.

కొత్త కాగితం మీద మళ్లీ సంతకాలు మొదలయ్యాయి. 4:10కి ఇరవైయారు. మిగతావాళ్లంతా పనుల్లో, ఊరవతల. ఓపల్ బెంచీ మీద కూలబడింది.

రాడ్నీ పెదవుల మీద చిన్న నవ్వు కదిలింది. జోలీన్ అది చూసింది.

"ఇల్లు ఎవరి పేర ఉంటే వాళ్లేగా సంతకం పెట్టాలి?"

"అవును," అంది వెర్నా.

"పదిహేడు నా పేర ఉంది." జోలీన్ పెన్ను లాక్కుంది.

"ఒసే! మన స్థలం పోతుందే!"

"మన? ఎవరు మనం?"

కాగితం చిరిగేంత గట్టిగా సంతకం పెట్టింది. పక్కింటాయన అది పట్టుకుని కౌంటీ ఆఫీసుకు పరుగెత్తాడు. 4:46కి ముద్ర పడిందని ఫోన్ వచ్చింది.

"జోలీన్ బెయిలుకు వస్తుందంటారా మేడమ్?" పోలీసు కారు వెనక సీట్లోంచి రాడ్నీ అడిగాడు.

వెర్నా కావాలనే కారును పదిహేడో నంబర్ ముందునుంచి నెమ్మదిగా పోనిచ్చింది. గుమ్మంలోంచి జోలీన్ అతని బట్టలు మంచులోకి విసురుతోంది. పడ్డ చొక్కానల్లా ఓపల్ బూటుకాళ్లతో తొక్కుతోంది.