దిగని చెయ్యి

వానాకాలం మధ్యాహ్నాలంటే ఏలిక్కుట్టి సిస్టర్‌కి పరమ చిరాకు. దుప్పట్లు ఆరి చావవు. కిటికీ అవతల రబ్బరు తోట మీద హోరుమని వాన, ఇవతల పట్టపగలే లైట్లు. ఆ కొండ ఊరి ఆసుపత్రిలో మానసిక వార్డు ఆమె చూసుకోబట్టి ఇరవై ఆరేళ్ళు. ఆమె నోటికి డాక్టర్లే జడుస్తారు.

పదకొండో మంచం మీద ప్రసన్న ఉంది. ఎనిమిది రోజులుగా మాట లేదు, కదలిక లేదు, ముక్కు గొట్టంలోంచే గంజి. మొగుడు సుగతన్ రబ్బరు పాలు తీసే పని మానేసి పక్కనే కూలబడ్డాడు.

"కాటటోనియా. మనసు జబ్బుతో మనిషి బిగుసుకుపోయింది," అన్నాడు డాక్టర్ ముకుందన్. ప్రసన్న చెయ్యి పైకెత్తి వదిలేశాడు. అది గాల్లోనే నిలబడిపోయింది. "చూశారా, మైనంలా ఎలా పెడితే అలా. సాయంత్రం తలకు కరెంటు షాకు పెట్టేద్దాం."

"లొరాజెపామ్ సూది రెండుసార్లు పొడిచాంగా సార్? ఆ జబ్బే అయితే కాస్తయినా కదలొద్దూ?"

"అందరికీ పనిచెయ్యదు సిస్టర్."

ఆయన పక్క గదిలోకి వెళ్ళిపోయాడు. చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. దించుదామని ఏలిక్కుట్టి వంగింది.

గుంటగలగరాకు వేసి కాచిన నూనె వాసన... గుప్పుమంది.

ఏలిక్కుట్టికి ఆ వాసన తెలుసు. పదకొండేళ్ళ కిందట ఇదే మంచం మీద వసంత ఉండేది. వాళ్ళమ్మ రోజూ ఆ నూనే తలకు రాసేది. అప్పటి పెద్ద డాక్టరూ మనసు జబ్బే అన్నాడు. కానీ వసంత కళ్ళు పైకీ కిందికీ తిరగడం ఏలిక్కుట్టి చూసింది. మెదడు అడుగున నెత్తురు గడ్డకడితే మనిషి లోపల మెలకువగానే ఉంటుంది, కళ్ళు తప్ప ఏదీ కదలదు. అది తెలిసీ, డాక్టరు ముందు నర్సు మాట్లాడకూడదని నోరు మూసుకుంది. ఆరో రోజు వసంత పోయింది. సిస్టర్‌కి ఈ నోరు వచ్చింది ఆ తర్వాతే. అంతకుముందు పదిహేనేళ్ళలో ఇంకెంతమంది దగ్గర నోరు మూసుకుందో ఆమె లెక్కపెట్టుకోలేదు.

"సిస్టర్..." సుగతన్ గొణిగాడు. "పొద్దున ఒళ్ళు తుడిచేటప్పుడు ఆ చెయ్యి వేలాడిపోతుంది. డాక్టర్ వచ్చే ముందు ఈ వాసనొస్తుంది. అప్పుడే... అలా నిలబడుతుంది."

ఏలిక్కుట్టి ప్రసన్న మణికట్టు వైపు చూసింది. చర్మం మీద నాలుగు సొట్టలు. అవతల ఇంకొకటి. ఎవరో గట్టిగా పట్టుకున్నట్టు... ఎవరూ లేరు.

"ప్రసన్నా, వినబడుతోందా? పైకి చూడమ్మా."

కళ్ళు పైకి లేచాయి.

"కిందికి."

దిగాయి. కన్నీళ్ళు కారాయి.

ఆ పట్టు ఎవరిదో ఏలిక్కుట్టికి అర్థమైంది. ఆ వెంటనే ఒళ్ళు మండింది.

"వసంతా! నోరు మూసుకున్నది నేను. పగుంటే నా మీద తీర్చుకో. ఇది నీకేం చేసింది? కావాలంటే నా చెయ్యి పట్టుకో. దీన్ని వదులు... వదలవే!"

చెయ్యి ధబ్బున మంచం మీద పడింది.

"సార్, ఇటు రండి! మళ్ళీ ఎత్తండి," అని అరిచింది.

ఆయన ఎత్తాడు. పడిపోయింది. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ పడింది.

"ఇప్పుడు పైకి చూడమనండి."

ప్రసన్న కళ్ళు చూసి ముకుందన్ మొహం పాలిపోయింది.

"ఇది కాటటోనియా కాదు సార్. మెడికల్ కాలేజీకి పంపే కాగితం మీద సంతకం పెట్టండి, లేదంటే నేనే పంపిస్తా. ఉద్యోగం పీకేస్తారా, పీకేసుకోండి!"

అరగంటలో అంబులెన్సు ఘాట్ రోడ్డు దిగి మెడికల్ కాలేజీకి బయల్దేరింది. తలుపు మూసేదాకా ప్రసన్న ఆమెనే చూసింది.

సాయంత్రం బస్సులో పైనున్న కమ్మీ పట్టుకుని నిలబడింది ఏలిక్కుట్టి. తన స్టాపొచ్చింది. వేళ్ళు వదిలింది.

చెయ్యి కిందికి రాలేదు.

"దిగాలిగా అక్కా?" అన్నాడు కండక్టరు.

మణికట్టు చుట్టూ చల్లగా, జిడ్డుగా... నాలుగు సొట్టలు. ఆమె విదిలించింది, వదల్లేదు. అయినా తలెత్తింది.

"పట్టుకో. మాటిచ్చాగా," అంది పళ్ళ బిగువున. "రేపు తొమ్మిదింటికి రౌండుంది. నువ్వు పట్టుకున్నా సరే, నేను వెళ్తా. నోరు మాత్రం మూసుకోను."

అప్పుడు గొడుగు జారి కింద పడింది. ఎడం చెయ్యి కూడా మెల్లగా పైకి లేస్తోంది. ఆ మణికట్టు మీద పడుతున్న వేళ్ళు వసంతవి కావు.

ఇంకా చిన్నవి.