హద్దురాళ్లు పీకే దెయ్యం

మడుగు దగ్గర దెయ్యం తిరుగుతుందన్న మాట పుట్టించింది తనేనని ఆ పిల్ల ఇంతవరకూ ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. కన్నతండ్రి దగ్గర కూడా.

ఊళ్లో చెప్పుకునే కథ ఇదీ — ఎప్పుడో మునిగిపోయిన ఆడమనిషి ఒకతె చీకటి పడ్డాక తుంగలోంచి లేచొస్తుంది... ఇళ్ల ప్లాట్ల కోసం కంపెనీవాళ్లు పాతిన హద్దురాళ్లు పీకి పారేస్తుంది... వెక్కి వెక్కి ఏడుస్తుంది. అడ్డొచ్చినవాడు మంచం పట్టాల్సిందే.

నిజానికి రాళ్లు పీకేది ఈ పిల్లే. మడుగు పూడ్చి ఇళ్లు కడితే వాననీళ్లకు చోటేదీ? దిగువనున్న నాన్న వరిచేలోకే దిగుతాయి. ఊరి పేరు మీద అర్జీలు పెట్టారు, రోడ్డు మీద కూర్చున్నారు — ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. మనుషుల మాట విననివాళ్లు దెయ్యం మాటైనా వింటారనుకుంది.

విన్నారు. దెయ్యం ఉందని కంపెనీ రేటు తగ్గించింది. జనం ఎగబడి కొన్నారు! "దెయ్యం అద్దె అడగదు కదమ్మా," అని నవ్వాడు కొన్న పెద్దమనిషి ఒకడు.

తెల్లారకముందే మట్టి లారీలు వస్తాయని తెలిసిన రాత్రి, ఆఖరిసారి బయల్దేరింది.

గాలి లేదు. తుంగ మాత్రం కదులుతోంది... బురదలో దిగి రాయి మీద చెయ్యి వేసింది. లాగింది. రాలేదు. మళ్లీ లాగింది —

అవతలి నుంచి ఎవరో లాగారు.

తెల్లటి ముసుగు. పొడుగాటి చేతులు.

పైప్రాణాలు పైనే పోయాయి. కెవ్వుమంది. ముసుగు కూడా కెవ్వుమంది — మగగొంతుతో!

"బావా?"

"ఓసి నీ... నువ్వటే మరదలా!"

అక్క మొగుడు. కంపెనీ తరఫున ప్లాట్లు అమ్మేది ఆయనే.

"పగలు పాతించేదీ నేనే, రాత్రి పీకేదీ నేనే," గుసగుసలాడాడు. "మీ అక్క చేనూ దిగువనే కదా. మునిగితే నన్ను బతకనిస్తుందా? దానికంటే దెయ్యం నయం."

"ఆ మాట పగలు, పదిమందిలో చెప్పొచ్చుగా."

"చెప్పి ఉద్యోగం ఊడగొట్టుకోనా? మొన్న మడుగు చూడ్డానికొచ్చిన కొత్త రెవెన్యూ ఆఫీసరమ్మ నంబరిచ్చి మరీ వెళ్లింది. ఏ రైతింటి మనిషైనా సొంత పేరు మీద ఫిర్యాదు చేస్తే, ఏ వేళైనా సరే లారీలు ఆపిస్తానంది. ఎవరు చేస్తారే? కంపెనీవాళ్లు ఊరుకుంటారా?"

"సర్లే. రాళ్లు పీకావు, బాగానే ఉంది. మధ్యలో ఆ ఏడుపెందుకు బావా? మరీ అతి."

"ఏడుపా?" ముసుగు తీసేశాడు. "అది నీదే అనుకున్నానే..."

"నాది కాదు బావా."

తుంగలో... బాగా దగ్గర్లో... ఎవరో వెక్కారు.

బావ ఒక్క గెంతు గెంతాడు. ఆమె ఆయన చొక్కా ఒడిసి పట్టుకుంది.

"నంబరు చెప్పి పారిపో."

"ఇప్పుడా? పిచ్చా నీకు?"

"ఏడ్చేది ఎవరో గాని... దెయ్యం పేరు మీద ఫిర్యాదు తీసుకోరు బావా. నా పేరే చెబుతా."

బురద చేత్తోనే ఫోను తీసింది. తుంగలో ఏడుపు ఆగింది — ఎవరో చెవి ఒగ్గి వింటున్నట్టు.