పారాణి నిలవని గడప

"అయిదున్నర. సరిగ్గా ఉంది," అంది గడప.

పొద్దున్నించి ఆ మాట నలభైసార్లు విని ఉంటుంది ఇందుజ. పెళ్లికి వచ్చిన ప్రతి చుట్టం పాదాల మీదా గడపలోని తుల్యతుంపర సన్నగా జల్లు చిమ్ముతోంది, చర్మపు అంకె చదివి అయిదున్నరకు తెస్తోంది, దారి వదులుతోంది. ఏడుకు తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం. మనిషి చర్మానికి అయిదున్నర దగ్గర హాయి. అమ్మమ్మ చిన్నప్పుడు బట్టల సబ్బుల అంకె పది ఉండేదట. చలికాలం వస్తే అంట్లు తోమే చేతులు బీటలు వారేవట. తుంపర వచ్చాక పుట్టిన ఇందుజ పగిలిన మడమ ఎలా ఉంటుందో చూడనే లేదు.

ఆమె బాధ ఇప్పుడు వేరే మడమల గురించి. అక్క హిరణ్యకు పారాణి పెట్టే పని మొదటిసారి ఆమెకు అప్పజెప్పారు. నలుగురిలో నోరు విప్పని పిల్ల, కనీసం చేతిపనైనా మెప్పు తెస్తుందని అమ్మ ఆశ. అమ్మమ్మ దాచుకున్న తాంబూలపు సున్నం రవ్వంత పసుపులో కలిపి, ఎర్రగా, తీరుగా అంచు దిద్దింది. అక్క ఫొటో కోసం గడప దాటి వాకిట్లోకి వెళ్లి వచ్చేసరికి పాదాలు పచ్చగా ఉన్నాయి!

"ఇదేం పారాణే? పచ్చకామెర్ల కాళ్లలా ఉన్నాయి," అని పిన్ని నవ్వింది.

ఇందుజ ముఖం కందిపోయింది. సున్నం చాల్లేదేమోనని మళ్లీ కలిపి, మళ్లీ పెట్టింది. ఈసారి అక్క వెనకే నడిచింది. గడప మీద కాలు పెట్టగానే జల్లు పడింది. కళ్లముందే ఎరుపు జారిపోయి పసుపు తేలింది.

"ఇంకాస్త సున్నం వేస్తాను," అని డబ్బా అందుకుంది.

"వద్దే! కాళ్లు పొక్కుతాయి," అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది. "మా రోజుల్లో చీర మీద కూర మరకకు సబ్బు రాస్తే ఎర్రబడేది. నిమ్మకాయ పిండితే మళ్లీ పచ్చబడేది. ఇదీ అంతే."

ఇందుజకు అర్థమైంది. తప్పు తన చేతిది కాదు. సున్నం తెచ్చిన ఎరుపును గడప పులుపు విరిచేస్తోంది.

"తుంపర ఆపించండి నాన్నా," అంది హిరణ్య.

"ఆపాలంటే మూడు రోజుల ముందు అర్జీ పెట్టుకోవాలమ్మా."

ముహూర్తానికి ఇరవై నిమిషాలుంది. పందిరి వాకిట్లో. మగపెళ్లివారంతా పీటల వైపే చూస్తున్నారు. ఇందుజ మూడోసారి పారాణి పెట్టింది. లేచి నిలబడింది. గదిలో పదిహేను మంది. అయినా నోరు విప్పింది.

"మావయ్యా! అక్క కాలు గడపకు తగలకూడదు. నువ్వే ఎత్తుకెళ్లాలి!"

మురారి మావయ్య బొజ్జ నిమురుకున్నాడు. "పళ్లెం కన్నా బరువైంది ఎత్తి పదేళ్లయింది తల్లీ."

"వెనకటికి పెళ్లికూతుర్ని గంపలోనే తెచ్చేవారురా," అమ్మమ్మ కళ్లు మెరిశాయి.

ఇంట్లో గంప ఎక్కడిది? ఉతికిన బట్టలు వేసే పెద్ద వెదురుబుట్ట దొరికింది. చాప పరిచి హిరణ్యను కూర్చోబెట్టారు. ముందు మావయ్య, వెనక నాన్న.

"అమ్మో, దీనికి రాత్రి అన్ని గారెలు ఎవరు పెట్టారు?"

"నువ్వే మావయ్యా, కొసరి కొసరి పెట్టావు!" బుట్టలోంచి హిరణ్య నవ్వింది.

గడప ఏమీ అనలేదు. దానికి పాదాలు అందలేదు. ఎర్రటి పారాణితో పెళ్లికూతురు పీటల మీద కూర్చుంటే, పిన్నే ముందుగా "ఎవరు పెట్టారే అంత బాగా!" అంది. సాయంత్రం హిరణ్య పందిట్లోంచే అత్తవారింటికి వెళ్లింది.

మర్నాడు పొద్దున ఆరింటికి గడప లెక్క చూసి ఇల్లు పలికింది. "హిరణ్య గడప దాటలేదు. ఇంట్లోనే ఉంది. స్నానానికి గోరువెచ్చటి నీళ్లు సిద్ధం. అంకె అయిదున్నర."

నాన్న లెక్క సరిచేయబోయాడు.

"ఉండనీయండి," అంది అమ్మ. "దానికి తెలియనిది మనమెందుకు చెప్పడం?"

రెండో రోజూ అదే మాట. మూడో రోజూ అంతే. నాలుగో రోజు పొద్దున నీళ్లు నిండుతున్న చప్పుడు విని ఇందుజ అక్కకు ఫోను చేసింది.

"అక్కా, నీ నీళ్లు చల్లారిపోతున్నాయే!"

అవతల కాసేపు నవ్వు, ఆ తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"వస్తున్నానని చెప్పవే గడపకి. కానీ ఈసారి బుట్ట వద్దు, నడిచే వస్తా."