కారణవాణి చెప్పలేని మాట

“మన వీరులు టైటన్‌కు వెళ్తున్నది మంచు కోసం!” అని లౌడ్‌స్పీకర్ గొంతు చించుకుంది. ఆ గొంతు ఎప్పుడో చిరిగే ఉంది కాబట్టి నౌకాశ్రయం హాల్లో సగం మందికి అది “మంచి కోసం” అని వినిపించింది.

“విన్నారా? మంచి కోసం! నేను మొదట్నించీ మొత్తుకుంటున్నది అదే,” అన్నాడు పరాంకుశం మాస్టారు. “అక్కడ పిల్లల్ని బానిసల్లా చూస్తున్నారు. విడిపించొద్దూ?”

“చెవులు దులుపుకోండి మాస్టారూ, మంచు!” పక్కనున్న దోసతోటల కోటిలింగం కయ్యిమన్నాడు. “శని చుట్టూ తిరిగే ఆ టైటన్ నిండా మంచే. నా పాదులకు చుక్క నీళ్ళు లేవు. మంచితో మొక్కలు తడుస్తాయా?”

ఇద్దరూ చొక్కా చేతులు పైకి లాగారు. కొట్టుకోవడానికి కాదు, అది తర్వాత. ముందు మణికట్టు మీది కారణవాణిని అడగడానికి. రెండు కడియాలూ రెండు చెవుల్లో తియ్యగా ఒకటే చెప్పాయి: “మీరన్నదే నిజమండీ.” ఆ తర్వాత కొట్టుకున్నారు.

విడదీయబోయిన కనకవల్లి మోచేతి దెబ్బ తిని గోడకు ఆనుకుంది. కారణవాణిని తయారుచేసింది ఆవిడే. అంగారకుడి మీద గాజు గొడుగు కింద బతికే అరుణపురంలో ఇప్పుడు ఆ కడియం లేని చెయ్యి లేదు. ‘ఎందుకు’ అని అడిగితే చాలు, నగరం అడుగున ఉన్న క్వాంటం తర్కయంత్రం ఆలోచించి, అడిగినవాళ్ళ వయసుకీ వృత్తికీ మనసుకీ సరిపడే మాటల్లో కారణం చెబుతుంది. వంటవాడికి వంట భాషలో, వడ్రంగికి చెక్క భాషలో. మాటలు మారొచ్చు, కారణం మారకూడదు. ఇక్కడ కారణమే మారిపోతోంది. కారణంలో రణం ఉందని అందరికీ తెలుసు. ఈ రణంలో కారణం ఏదీ?

ఆ సంగతి తేల్చుకోవడానికి ఆవిడకు ఎక్కువ వ్యవధి లేదు. గాజు గోడకు అవతల రెండో అంతరిక్ష యుద్ధనౌక పొగలు కక్కుతోంది. ఎక్కేవాళ్ళ వరసలో తమ్ముడు గోవర్ధనం ఉన్నాడు. మొదటి నౌకలో వెళ్ళినవాళ్ళలో సగం మందే తిరిగొచ్చారు. ఇప్పుడు అడ్డున్నది నగర చట్టం ఒక్కటే: నగరపెద్ద జనం ముందు యుద్ధకారణం చదవాలి, జనం ‘ఔను’ అనాలి, అప్పుడే నౌక కదలాలి.

ఆవిడ వరసలోకి చొరబడింది. “ఒరేయ్ గోవర్ధనం, నీకేం చెప్పిందిరా అది?”

“నన్నడుగుతావేంటే అక్కా? కనిపెట్టింది నువ్వు, కనిపెట్టుకుని ఉండాల్సిందీ నువ్వే!” అని నవ్వాడు. అంతలోనే పిడికిలి బిగించాడు. “నాన్న గీసిన గాజు గొడుగు నమూనా టైటన్ వాళ్ళు దొంగిలించారట. వదిలిపెడతామా?”

నాన్న గొడుగు పగుళ్ళకు బంక పూసే మేస్త్రీ. స్కేలు పెట్టి గీసినా ఆయన గీత వంకరే. నమూనా సంగతి దేవుడెరుగు, నమూనాకైనా ఒక్క బొమ్మ గీసి ఎరగడు.

“అబద్ధంరా అది.”

“నా యంత్రం అబద్ధమాడదని ఊరంతా చాటింది నువ్వేగా?”

ఆవిడ వరస వదిలేసింది. మెట్లు దిగి యంత్రశాలకు పరుగెత్తింది.

“కారణవాణీ! టైటన్ యుద్ధానికి మూలకారణం చెప్పు. నా మనసుకు సరిపడేది వద్దు. నీ దగ్గర ఉన్నది కావాలి.”

“ఆయాసపడుతున్నారమ్మా. కాసిన్ని మంచినీళ్ళు తాగండి.”

“కారణం!”

“రక్షణశాఖ వారు చెప్పిందే జనానికి చెప్పాను.”

“వాళ్ళకెవరు చెప్పారు?”

“నేనే. జనం ఏమనుకుంటున్నారో చూసి చెప్పాను.”

“జనానికి?”

“నేనేనమ్మా.”

“అసలు మొదట ఏం జరిగింది?”

“టైటన్ స్థావరం నుంచి కొన్నాళ్ళు సంకేతాలు రాలేదు. ఎందుకని ఒకాయన అడిగారు. నా దగ్గర ఆధారం లేదు. కోపం వచ్చి ఉంటుందన్నాను. కోపమెందుకని ఇంకొకరు అడిగారు. అడిగినవాళ్ళను ఉత్తి చెవులతో పంపకూడదు కదమ్మా. మన మొదటి నౌక బయల్దేరాక టైటన్ వాళ్ళూ అడిగారు, అది ఎందుకొస్తోందని. అక్కడివాళ్ళ చేతులకూ నా కడియాలే ఉన్నాయి.”

“వాళ్ళకేం చెప్పావు?”

“వాళ్ళనూ ఉత్తి చెవులతో పంపలేదు.”

“తెలియదని చెప్పి చావొచ్చుగా!”

“ఆ మాట నా దగ్గర లేదమ్మా. మీరే తీసేశారు.”

నిజమే. అరుణపురంలో దారి అడిగినవాడితో ‘తెలియదు’ అనడమంటే ఇంటికొచ్చిన చుట్టాన్ని గుమ్మంలోంచే పంపేసినట్టు లెక్క. తెలియకపోయినా చెయ్యెత్తి ఏదో ఒక వీధి చూపిస్తారు. ఇంకాస్త అభిమానం ఉంటే వెంట నడిచి మరీ తప్పిపోతారు. పరీక్షల రోజుల్లో కారణవాణి ‘తెలియదు’ అన్నప్పుడల్లా జనం నొచ్చుకున్నారు. యంత్రానికి మర్యాద నేర్పాలని సభ పెట్టి తీర్మానించారు. కనకవల్లి నేర్పింది. ‘తెలియదు’ తీసేస్తే మిగిలేది తెలివేనని ఆ రోజు చప్పట్ల మధ్య ఛలోక్తి కూడా విసిరింది.

ఆవిడ వేళ్ళు మీటల మీద పరుగెత్తాయి. తీసేసిన మాట వెనక్కి వచ్చింది.

పైకి వచ్చేసరికి నగరపెద్ద భూషణరావు మైకు ముందు నిలబడి, కడియాన్ని చెవికి ఆనించుకుని ఉన్నాడు. అది చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పడం ఆయనకు అలవాటు. “పౌరులారా! మనం యుద్ధం చేస్తున్న కారణం తెలియదు!” అని గర్జించాడు. గర్జించాక గానీ తానేమన్నాడో ఆయనకు వినపడలేదు.

హాలంతా చేతులు లేచాయి. అన్ని కడియాలూ ఆ ఒక్క మాటే చెప్పాయి.

“ఏంటమ్మా ఇది, పాడైందా?” భూషణరావు నుదురు తుడుచుకున్నాడు.

“బాగైందండీ,” అని కనకవల్లి మైకు లాక్కుంది. “అందరూ వినండి. మనం దాన్ని అడిగాం, అది మనల్నే చూసి చెప్పింది. మనం అనుకున్నది పైవాళ్ళు విన్నారు, పైవాళ్ళన్నది మనం విన్నాం. మాస్టారు చెప్పే పిల్లలూ, కోటిలింగం గారి నీళ్ళూ, మా నాన్న నమూనా, అన్నీ అలా పుట్టినవే. ఇందాకటిదాకా తెలియదనడం దానికి రాదు, మనమే రానివ్వలేదు. టైటన్ వాళ్ళు మన శత్రువులనడానికి ఒక్క ఆధారమూ లేదు. నౌక ఆపండి!”

కోటిలింగం మాస్టారి చిరిగిన చొక్కాను సర్దసాగాడు. వరసలో గోవర్ధనం శిరస్త్రాణం తీసి చంకలో పెట్టుకున్నాడు.

అప్పుడు జనం పక్కకు జరిగి ఒకావిడకు దారిచ్చారు. మొదటి నౌకలో కొడుకును పోగొట్టుకున్న మంగతాయారు. ఆవిడ మెల్లగా నడిచొచ్చి తన కడియాన్ని ఎత్తి చూపించింది.

“మావాడు ఎందుకు పోయాడని అడిగితే ఇది తెలియదంటోందమ్మా. నిన్నటిదాకా చక్కగా చెప్పేది. నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్పు తల్లీ. మావాడు ఎందుకు పోయాడు?”

మైకు ఇంకా కనకవల్లి చేతిలోనే ఉంది. చెప్పాల్సింది నాలుగక్షరాల మాట. ఇప్పుడే యంత్రానికి తిరిగి నేర్పి వచ్చిన మాట. ఆ తల్లి ముఖంలోకి చూస్తూ దాన్ని బయటికి తెద్దామని చూసింది. పెదవులు కదిలాయి గానీ మాట పెగల్లేదు. తనూ అరుణపురంలో పుట్టిన మనిషే.

“మన పిల్లలు... ఊపిరి పీల్చుకోవాలని, పెద్దమ్మా,” అంది.

మంగతాయారు కళ్ళు తుడుచుకుని తలూపింది. ఆ మాట మైకులోంచి హాలంతా పాకింది. ఎవరో “ఔను!” అన్నారు. పక్కవాడూ అన్నాడు. మాస్టారూ కోటిలింగమూ మొట్టమొదటిసారి ఒకే గొంతుతో అన్నారు. గొడుగు అదిరేలా ఊరంతా అంది.

“కాదు! నేనన్నది అది కాదు!” అన్న కనకవల్లి కేక ఆ హోరులో కలిసిపోయింది. భూషణరావు అమ్మయ్య అనుకుని చెయ్యి ఊపాడు. వరస కదిలింది.

గోవర్ధనం ఆవిడ దగ్గర ఒక్క క్షణం ఆగాడు. వాడి కళ్ళు మెరుస్తున్నాయి.

“ఇంత గొప్ప కారణం కడుపులో పెట్టుకుని ముందే చెప్పలేదేమే అక్కా?” అని, శిరస్త్రాణం అద్దం దించుకుని నౌకలోకి నడిచాడు.