పాత షెడ్డులో బజారి హాజరు

ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లు వెనక, ఒకప్పుడు దూదిని బేళ్లుగా నొక్కిన పాత ప్రెస్సు షెడ్డు ఉంది. దీపాలు పెట్టే వేళ దాటితే అటువైపు ఎవరూ పోరు. ఆలూరు నుంచి పత్తి తెచ్చే డ్రైవర్లు కూడా ఆ గోడ పక్కన బండి ఆపరు. రెండేళ్ల కిందట బజారి అనే పనివాడు బేళ్ల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ప్రాణం వదిలింది అక్కడే.

పోయినవాడు పోయినట్టుంటే గొడవ లేదు. కానీ బజారి రోజూ పనికి వస్తున్నాడు...

ఈ సంగతి నాకు చెప్పింది మా చిన్నాన్న కూతురు శరణ్య. మాది ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. అది డిజైన్ చదువుకుని ఒక యాప్ కంపెనీలో ఇంటర్న్‌షిప్‌లో చేరింది. మిల్లు పనివాళ్లు వాడే యాప్‌ను వాళ్లకు సులువయ్యేలా మార్చి గీయడం దానికిచ్చిన పని. దెయ్యం పట్టిన యాప్ ఏమిటే అని మొదట నేను ఆటపట్టించాను. పూర్తిగా విన్నాక ఆ మాట అన్నందుకు సిగ్గేసింది.

ఇప్పుడు నడిచే ప్రెస్సు దగ్గర గోడకు ఒక ట్యాబ్ ఉంటుంది. పనిలోకి దిగినప్పుడు ఎవరి ఫోటో వాళ్లు తాకాలి, పక్కకు పోతే మళ్లీ తాకాలి. లైనులో ఆరుగురికి ఒక్కరు తగ్గినా సూపర్వైజరు జయన్న ఫోను మోగుతుంది. ఆయన వచ్చి, తగ్గిన మనిషిని రేపటి నుంచి రావద్దంటాడు. బజారి పోయాక అతని ఫోటో తీసేయాలని ఎవరికీ తట్టలేదు.

రోజూ సాయంత్రం ఆరున్నరకు జయన్న ఫోనులో ఆ ఫోటో వెలుగుతుంది — బజారి, పనిలో ఉన్నాడు. సరిగ్గా అదే వేళకు పాత షెడ్డులోంచి సన్నగా ఏడుపు...

జయన్న జబ్బకు తాయెత్తు కట్టించుకున్నాడు. శరణ్య మాత్రం ఇది యాప్ లోపమేనని పట్టుబట్టింది. మరి ఆ ఏడుపేమిటో కళ్లతో చూడాలి కదా. కార్తీక మాసంలో ఒకరోజు, చీకటి పడ్డాక, ఒక్కతే షెడ్డు వైపు నడిచింది.

తలుపు లేదు. లోపల ముక్కిపోయిన దూది వాసన. నాలుగడుగులు వేసింది... ఏడుపు ఆగిపోయింది. ఇంకో అడుగు — బేళ్ల వెనక ఎవరో ఊపిరి తీస్తున్నారు. వెనక్కి పరుగెత్తాలనుకుందట. కానీ ఫోను తీసి లైటు వేసింది.

దూది పట్టి తెల్లబడిన తల. రెండు కళ్లు.

"లైటు ఆర్పమ్మా... పిల్లోడు బెదురుతాడు."

ప్రెస్సు లైనులో పనిచేసే సిద్దమ్మ. ఒళ్లో నాలుగు నెలల బిడ్డ, పాలు తాగుతున్నాడు. షెడ్డు వెనక గోడలో మిల్లు బయటికి పెద్ద కన్నం ఉంది. రోజూ ఆ వేళకు సిద్దమ్మ తల్లి మద్దమ్మ అందులోంచి మనవణ్ణి అందిస్తుంది. పావుగంటలో పాలిచ్చి సిద్దమ్మ మళ్లీ పనిలోకి పోతుంది. అంతవరకు లైనులో ఒకరు తగ్గినట్టు తెలియకుండా తోటి ఆడవాళ్లు బజారి ఫోటో తాకుతారు. షెడ్డులో బజారి తిరుగుతున్నాడని పుకారు పుట్టించిందీ వాళ్లే.

శరణ్యకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎవరికీ చెప్పనని బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది, పిచ్చిది. కొత్త యాప్‌లో ఒక బటన్ గీసింది, తల్లి ఒళ్లో బిడ్డ బొమ్మతో. దాన్ని తాకితే ఇరవై నిమిషాలు జయన్న ఫోను మోగదు. ఇంక దొంగచాటు ఉండదని సిద్దమ్మకు చెప్పింది కూడా. బెంగళూరు నుంచి దానికి పని నేర్పే పెద్ద డిజైనర్ రాఘవ్, ఆ బటన్ ఎందుకో వివరంగా రాయమన్నాడు. కారణం చూపకపోతే మిల్లువాళ్లు ఒప్పుకోరన్నాడు. శరణ్య జంకింది.

"వాడేవాళ్లు మనతో చెప్పింది మన దగ్గరే ఉంటుంది శరణ్యా. మన పనిలో మొదటి నియమం అదే," అన్నాడు.

నమ్మింది. పేర్లు తీసేసి మిగతాదంతా రాసింది. షెడ్డు, ఆరున్నర, బజారి ఫోటో, గోడలో కన్నం... ఆ లైనులో చంటిబిడ్డ తల్లి సిద్దమ్మ ఒక్కతేనని దానికి అప్పుడు తోచలేదు.

నెల తిరిగాక కొత్త యాప్ చూపించే రోజు వచ్చింది. సాయంత్రం పనివాళ్లందర్నీ హాల్లోకి పిలిచారు. రాఘవ్ తెర మీద ఒక్కో పేజీ వేస్తున్నాడు. రంగులు శరణ్య ఎంచినవే, బొమ్మలు అది గీసినవే. ఆ బటన్ ఉండాల్సిన చోట మాత్రం — కెమెరా గుర్తు. ఇకమీదట ఐదు నిమిషాలకోసారి ట్యాబ్ ముందు ముఖం చూపించాలి. చనిపోయినవాళ్లు డ్యూటీకి రావడం ఇవాళ్టితో సరి అన్నాడు రాఘవ్. ముందు వరసలో మిల్లు యజమానులు నవ్వారు. ఇదంతా కనిపెట్టింది శరణ్యే అని దాన్ని లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు.

బయటికి పోతూ సిద్దమ్మ దాని పక్కన ఆగింది. కోపం కూడా లేదట ఆ ముఖంలో.

"బజారన్న సచ్చినోడైనా మా గుట్టు యాడా సెప్పలేదు గదమ్మా," అని గుసగుసగా అని, ప్రెస్సు వైపు పోయింది.

ఇదేమిటని శరణ్య రాఘవ్‌ను నిలదీసింది. నోట్సు యజమానులు అడిగారు, ఇచ్చాను, నీ సర్టిఫికెట్‌లో మంచి మాటే రాస్తానులే అన్నాడట. ఎదురుగా ఉండి ఉంటే నేను వాడి చెంప పగలగొట్టేవాణ్ణి.

అప్పటికే చీకటి పడింది. శరణ్య పాత షెడ్డుకు పరుగెత్తింది. కన్నానికి సగం దాకా ఇటుకలు పేర్చేశారు. సిమెంటు ఇంకా తడిగా ఉంది. పైన మిగిలిన సందులోంచి — ముడతలు పడ్డ రెండు చేతులు లోపలికి వచ్చి బిడ్డను అందించాయి.

"సిద్దమ్మా..."

సిద్దమ్మ కాదు, నేను, శరణ్యను, అంది. గొంతు గుర్తుపట్టి మద్దమ్మ నింపాదిగా బిడ్డను దాని చేతుల్లో పెట్టింది. వాడు పాల కోసం శరణ్య చున్నీని నోటితో వెతకడం మొదలుపెట్టాడు.

"నువ్వా తల్లీ. ఏదో బటను పెట్టిస్తాండావంటనే, సిద్దమ్మ సెప్పింది. నీకు పున్నెముంటాది," అంది మద్దమ్మ గోడ అవతలి నుంచి. "ఇంగ దాపరికం లేదని... అందుకేనా ఈ గోడ మూస్తాండారు?"