ఫొటోకి సరిగ్గా సరిపోయిన వీణ

వీణ అక్కడే ఉంది. అద్దాల బీరువా తాళం వేసినట్టే ఉంది. పట్టుగుడ్డ కప్పినట్టే ఉంది.

అయినా వీణ పోయిందని కంప్లైంట్.

"ఇది నాది కాదు బాబూ," అన్నాడు జగన్నాధం. బొబ్బిలిలో వీణలు చెక్కేవాళ్లలో పెద్ద చెయ్యి ఆయనది. కళ్లకి పొర కమ్మినా, పట్టుదల మాత్రం తగ్గలేదు. "మా తాత ఒకే పనస దుంగలోన తొలిసినాడు. మీటితే గుండెలోన మోగుతాది. ఇదేటి, రేకు డబ్బానాగ మోగతన్నాది!"

ఎస్.ఐ. గిరిబాబు కుర్చీలో కూర్చోలేదు. కూర్చోవడం ఆయన జాతకంలోనే లేదు. కాలుగాలిన పిల్లిలా గదంతా తిరుగుతున్నాడు.

"ఎవరి మీద అనుమానం?"

"ఇంకెవులు? ఆ కంప్యూటరమ్మాయి. వీణ గడప దాటింది ఒక్క పాలే. ఫొటోలకని ఇజీనారం అట్టుకెల్లింది. అక్కడే మార్సేసింది. దొంగ!"

ఆ కంప్యూటరమ్మాయి సుహాసిని వీధి అరుగు మీద ఉంది. పెద్దాయన లోపలికి అడుగు పెట్టనివ్వలేదు. గ్రాఫిక్ డిజైనర్, వెబ్ డిజైనర్. విజయనగరంలో ఒక్క గది స్టూడియో. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, చిన్న షాపులకి వెబ్‌సైట్లు. జగన్నాధం వీణల వెబ్‌సైటు ఆమే తయారు చేసింది. పొద్దుటి నుంచి "దొంగ డిజైనర్" అని ఆమె ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. వచ్చిన ఆర్డర్లు వచ్చినట్టే వెనక్కి పోతున్నాయి. ఎఫ్.ఐ.ఆర్.లో పేరు కూడా పడితే ఇక ఆ గదికి తాళమే.

"వీణ నీ దగ్గర ఎన్నాళ్లుంది?"

"రెండ్రోజులు సార్."

"ఇంకెవరు ముట్టుకున్నారు?"

"ఎవరూ లేరు. ఫొటోలు నేనే తీసేను, నేనే తిరిగి అప్పజెప్పేను."

"నువ్వే మార్చావని పెద్దాయన అంటున్నాడు."

"అలాటి వీణ నేనెక్కడ చేయించగల్ను సార్? ఆ తాతగారికి కాస్త సెప్పండి." ఏడవకూడదని పెదవి కొరుక్కుంది.

గిరిబాబు ఫోన్లో వెబ్‌సైటు తెరిచాడు. మొదటి పేజీలోనే యాళి క్లోజప్. యాళి అంటే వీణ చివర చెక్కే సింహం లాంటి తల. దాని ఎడమ చెవి కొస చిట్లింది. ఎడమ దవడ మీద సన్నని గీత. ఫోన్ తీసుకెళ్లి వీణ పక్కన పెట్టాడు.

ఎడమ చెవి. అదే చిట్లు. అదే గీత. అచ్చు గుద్దినట్టుంది.

"తాతగారూ, ఇది మీదే. ఓసారి తడిమి చూసుకోండి."

"ముట్టను. నిన్న ఓ మీటు మీటినాను, సాలు. పరాయి కట్టెని మళ్లీ ముట్టను!"

పక్కనున్న మురళీమోహన్ మెల్లగా కల్పించుకున్నాడు. విజయనగరంలో హస్తకళల షాపు ఆయనది. జగన్నాధం వీణలు అమ్మిపెడుతుంటాడు. "పెద్దాయనకి వయసైపోనాదండి. పదేళ్లుగా ఈ వీణని కళ్లారా సూస్తన్నాను. ఎడం సెవి సిట్లింది నాకు తెలీదా? ఇది అదే. కేసెందుకండి?"

"వెబ్‌సైటు చూశారా?"

"ఆ ఇంటర్నెట్టు గొడవలు నాకెందుకండి? తెరిసిన పాపాన పోలేదు."

గిరిబాబుకి లోపల ఏదో దురద. వీణ ఫొటోకి సరిపోయింది. పెద్దాయన కాదంటున్నాడు. ఇద్దరిలో ఒకరు తప్పు. టీ తాగుదామని బయటికొచ్చాడు. టీ కొట్టు మీద ఎవరో లీడరు పుట్టినరోజు ఫ్లెక్సీ. నవ్వుతున్న మొహం, తెల్ల చొక్కా.

చొక్కా జేబు గుండె మీద లేదు, ఆయన కుడి రొమ్ము మీదుంది.

టీ గ్లాసు అలాగే వదిలేశాడు. అరుగు దగ్గరికి వెళ్లి సుహాసినిని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. విజయనగరం స్టేషన్‌కి ఫోన్ చేశాడు. తర్వాత అందర్నీ వీణ ముందు నిలబెట్టాడు. సుహాసినిని కూడా. పెద్దాయన గొణిగాడు గాని ఆపలేదు.

"తాతగారూ, మీ వీణకి దెబ్బ తగిలింది ఏ చెవికి?"

"కుడి సెవికి. సిన్నప్పుడు నానే పడేసినాను. మా అయ్య సేతిలో తిన్న దెబ్బలు ఎలా మర్సిపోతాను?"

"ఇక్కడ చిట్లింది ఎడమ చెవి."

సుహాసిని లాప్‌టాప్ తెరిచింది. ఆమె తీసిన అసలు ఫొటోలో చిట్లింది కుడి చెవే. "పేజీలో పెట్టినప్పుడు అద్దంలోలా తిప్పేను సార్. మొహం ఎప్పుడూ అక్షరాల వైపు చూడాలి. బయటికి చూస్తుంటే చూసేవాళ్ల కన్నూ బయటికే పోతాది. మా పనిలో అందరం చేసేదే. అలవాటుగా చేసేసి మర్సిపోయేను."

"పేజీ ఎప్పుడు పెట్టావు?"

"వీణ తిరిగి అప్పజెప్పిన వారానికి."

"అంటే ఈ నకిలీ ఆ పేజీ చూసి చెక్కింది. అప్పటికి అసలు వీణ ఈ ఇంట్లోనే ఉంది. మార్చింది ఇక్కడే." గిరిబాబు, పెద్దాయన కోడలి వైపు తిరిగాడు. "కుమారిగారూ, ఆ తర్వాత వీణ పట్టుకుని ఎవరైనా వచ్చారా?"

"మురళి బాబు వచ్చేరండి. రిపేరని సంచిలో తెచ్చేరు. మావయ్య పడుకున్నారు. నాను టీ పెట్టి తెచ్చేసరికి, మళ్లీ వస్తానని సంచి అట్టుకుని ఎల్లిపోనారు."

"బీరువా తాళంచెవి?"

"ఆ మేకుకే ఉంటాదండి. అందరికీ తెలుసు."

వీణలు చేసే ఇంట్లోంచి వీణతో పోయేవాణ్ణి ఎవరు ఆపుతారు?

"మురళీమోహన్‌గారూ, వెబ్‌సైటు తెరవలేదన్నారు. అసలు వీణకి ఎడమ చెవి చిట్లనే లేదు. పదేళ్లుగా కళ్లారా ఏం చూశారు?"

మురళీమోహన్ గుమ్మం వైపు జరిగాడు. అంతలో గిరిబాబు ఫోన్ మోగింది. మురళీమోహన్ షాపు అటక మీద విజయనగరం పోలీసులకి వీణ దొరికింది. చెన్నైలో పాత వస్తువులు సేకరించే ఆసామికి పంపడానికి ప్యాక్ చేసి ఉంది.

కానిస్టేబుల్ మురళీమోహన్‌ని తీసుకెళ్లాడు. సుహాసిని లాప్‌టాప్ మూయబోయింది.

"నేను దొంగను కాదని తేలింది సార్. కాని ఊరంతా తిరిగిన ఫొటో ఎవరు వెనక్కి తెస్తారు?"

గిరిబాబు దగ్గర దానికి సెక్షన్ లేదు.

జగన్నాధం లేచి వచ్చి ఆమె పక్కన నేల మీద చతికిలబడ్డాడు. "మూయకమ్మా. ఆ మొదటి పేజీలోన రాయి. సుహాసిని దొంగ కాదు. దొంగని అన్నోడు జగన్నాధం. తప్పయిపోనాది."

"వద్దు తాతగారూ. మీ యాపారం..."

"నా యాపారం సంగతి నాకొగ్గేయ్. రాయి."

ఆమె రాసింది.

"ఏటా చీమ తలకాయలు? పెద్దవి చెయ్యి."

చేసింది.

"ఇంకా."

సుహాసినికి కళ్లనీళ్లు ఆగలేదు. ఆ నీళ్లలోంచే అక్షరాలు పెంచుకుంటూ పోయింది. వీణల ఫొటోలన్నీ కిందికి జరిగిపోయాయి. పేజీ నిండా ఆ మూడు మాటలే మిగిలాయి. అప్పుడు పెద్దాయన తలూపి, కుమారిని కేకేసి, ఈ పిల్లకి అన్నం పెట్టమన్నాడు.