ఐదో మెట్టు మీద ఒంటి తుమ్ము

"మీసం పెట్టుకో," అంది సీతాదేవి మేడం. "నిన్న నీ పెళ్ళాం నిన్ను వదిలేసి పోయింది."

ఏజెంట్ కమల్‌కు అసలు పెళ్ళే కాలేదు. కానీ సింగపూర్ గూఢచారి శాఖలో బ్రీఫింగ్ అంటే ఇలాగే ఉంటుంది. మేడం టేబుల్ మీద మూడు వస్తువులు పెట్టింది: పెట్టుడు మీసం, వాచీ, ఎలర్జీ మాత్రల అట్ట.

"వాచీ గుండీ నొక్కితే టీమ్ పైకి వస్తుంది. మాత్రలు నీ ముక్కు కోసం. అక్కడ గదిగదికీ లావెండర్ పొగ పెడతారు. ఒకసారి తుమ్మడం మొదలుపెడితే నువ్వు ఆగవు కదా."

"ఎక్కడ మేడం?"

"స్టిల్ వాటర్ సెంటర్. బూన్ లేలో ఒక ఆఫీసు బిల్డింగ్, తొమ్మిదో అంతస్తు." స్క్రీన్ మీద రివ్యూలు దొర్లాయి. సగం మంది 'నా బతుకు మారింది' అని రాశారు. సగం మంది 'పారిపోండి' అని రాశారు. మధ్యస్థంగా రాసినవాడు ఒక్కడూ లేడు. "చేతుల్లో రెండు లోహపు గొట్టాలు పెట్టి ప్రశ్నలడుగుతారు. వాటికి తగిలించిన మీటరులో సూది కదిలితే మనసులో మురికి ఉందంటారు. అది కడుక్కుంటూ ఏడు మెట్లెక్కాలి."

"సైంటాలజీనా? ఆ అమెరికా మతమా?"

"కాదు. దాని మీద నెట్‌లో జరిగే గొడవ చూశావుగా? ఒకరు బాగుపడ్డామంటారు, ఒకరు పాడైపోయామంటారు. ఆ వాదన మనకొద్దు. కానీ ఆ గొడవ చూసి ఒక విదేశీ ముఠాకు ఐడియా వచ్చింది. జనం తమ గుట్టు తామే చెప్పుకునే చోటు ఒకటి తెరిస్తే, ఇక గూఢచారులతో పనేముందని!"

స్క్రీన్ మీద ఒక ఫొటో వచ్చింది. తన్మయి. వరంగల్ అమ్మాయి, సెంగ్‌కాంగ్‌లో కాపురం. సముద్రం అడుగున ఇంటర్నెట్ కేబుళ్ళు నడిపే కంపెనీలో కంట్రోల్ రూమ్ ఇంజనీర్. ఐదో మెట్టు మీద ఉంది.

"ఆమె చేత ఏదో చేయించబోతున్నారు. ఎప్పుడో తెలియదు. లోపల మన మనిషి ఒకామె ఉంది, పేరు అనన్య. తలుపు దగ్గర 'మకాన్ అయిందా', అంటే తిన్నావా, అని అడిగితే అంతా క్షేమం. నువ్వు లోపలికి వెళ్ళిన గంటలో బయటికి రాకపోతే మేమే వస్తాం."

"అనన్యను నమ్మొచ్చా మేడం?"

"నమ్ము. మరీ ఎక్కువ నమ్మకు."

సెంటర్ తలుపుకు తాళం లేదు. ఆ సంగతి కమల్ మొదటి రోజే గమనించి ఆశ్చర్యపోయాడు. ఎవరైనా లేచి వెళ్ళిపోవచ్చు. ఎవరూ వెళ్ళరు.

అనన్య పట్టు గౌనులో, ఎర్రటి లిప్‌స్టిక్‌తో తలుపు దగ్గరే ఎదురొచ్చేది. "మకాన్ అయిందా బ్రదర్?" అని ఆమె విశాఖ యాసలో అడిగితే, కమల్‌కు నిజంగానే ఆకలేసేది.

భార్య వదిలేసిన ఫ్యాక్టరీ సూపర్‌వైజర్‌గా అతను కట్టుకథ చెప్పాడు. మూడో సెషన్‌కు ఆ కథలోకి తన సొంత దిగులు జొరబడింది. యీషున్ ఫ్లాట్‌లో ఒంటరిగా తినే తిండి, ఎవరితోనూ చెప్పుకోలేని ఉద్యోగం. ఎదుట కూర్చున్నవాళ్ళు కళ్ళార్పకుండా విన్నారు. బయటికొచ్చాక మళ్ళీ ఎప్పుడు వెళ్దామా అనిపించింది. ఛీ, ఇదేం ఖర్మ అని తనను తానే తిట్టుకున్నాడు.

తన్మయి ప్యాంట్రీలో కాఫీ కలుపుతూ దొరికింది.

"ఎట్లుందన్నా నీకు?" అని ఆమే పలకరించింది.

"భయమేస్తాంది అక్కా. బాగానూ ఉంది."

"నాకూ అట్లనే ఉండె. మా ఆయన ఎప్పుడూ ఆన్‌కాల్ డ్యూటీలనే. ఈడ గంటలు గంటలు నా ముచ్చట విన్నరు. మా అమ్మ కూడా అట్ల వినలె." గొంతు తగ్గించింది. "ఒకనాడు ఉన్నదంత చెప్పేసిన. ఇక్కడ ఉద్యోగానికి నేను ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిన అన్నా. రెండేండ్లు. అది రికార్డయింది. ఇప్పుడు ఆళ్ళు ఏది చెప్తే అది చెయ్యాలె. లేకుంటే నా వర్క్ పాస్ పోతది, నా కొడుకు లోహిత్ స్కూల్ పోతది."

"వదిలేసి వెళ్ళిపో అక్కా."

"యాడికి పోతా? నా గొంతు ఈడనే రికార్డయి ఉన్నది."

ఆ మరుసటి వారం అనన్య తలుపు దగ్గర నవ్వింది కానీ, తిన్నావా అని అడగలేదు.

కమల్‌కు ఆ సంగతి తట్టేసరికే ఆలస్యమైపోయింది. ఇద్దరు దుక్కల్లాంటి మనుషులు అతని ఫోను, వాచీ, జేబులోని మాత్రలు ట్రేలో వేశారు. కుర్చీలో కూర్చోబెట్టి మణికట్లకు బెల్టులు బిగించారు. చేతుల్లో గొట్టాలు, పక్కనే స్టూలు మీద లావెండర్ పొగ.

డైరెక్టర్ రెనార్డ్ తెల్ల సూటులో వచ్చాడు. సూది వంక చూసి ఇంగ్లిష్‌లో అన్నాడు. "నీకు భార్య లేదు, మిస్టర్ కమల్. ఒంటరితనం మాత్రం నిజం. దాని కోసమైనా నువ్వు మళ్ళీ వచ్చేవాడివే."

కమల్ అనన్య వైపు చూశాడు. ఆమె గోళ్ళు చూసుకుంటోంది.

తన్మయి ఎదుట నిలబడి ఉంది. రెనార్డ్ ఆమె అరచేతిలో చొక్కా గుండీ అంత పెన్‌డ్రైవ్ పెట్టాడు. "కింద వ్యాన్ ఉంది. షిఫ్ట్‌లోకి వెళ్ళగానే కంట్రోల్ రూమ్ కంప్యూటర్‌లో పెట్టు. రేపు పొద్దున రికార్డింగ్ చెరిపేస్తాం."

"అబద్ధం!" అరిచాడు కమల్. "చెరపరు అక్కా. వెళ్ళకు."

"పోకపోతే ఏమైతదో నీకు తెల్వదా అన్నా?" అంది తన్మయి. కళ్ళ నిండా నీళ్ళు. "తెలిసి ఎట్ల ఆపుతవు?"

గంట గడిచి టీమ్ రావడానికి ఇంకా కొన్ని నిమిషాలున్నాయి. ఆమె సర్వీస్ లిఫ్ట్ ఎక్కితే బేస్‌మెంట్ నుంచి నాలుగు దారులున్నాయి. తన్మయి తలుపు తీసింది. ఒక కాలు గడప అవతల పెట్టింది.

కమల్ మెడ సాచి, లావెండర్ పొగలో ముఖం పెట్టి, గట్టిగా పీల్చాడు.

"హాచ్!"

సూది ఆ చివరి నుంచి ఈ చివరికి ఎగిరింది. పెట్టుడు మీసం ఒక పక్క ఊడి వేలాడింది.

తన్మయి కాలు ఆగింది. ఆ కాలు వెనక్కి తీసుకుని, గదిలోకొచ్చి కుర్చీలో కూర్చుంది.

"ఏమైంది?" అన్నాడు రెనార్డ్.

"రెండు నిమిషాలు సార్. మంచినీళ్ళు తాగి పోతా."

"నువ్వు ఐదో మెట్టు మీదున్నావు! పాత భయాలన్నీ కడిగేశాం!"

"అవును సార్, కడిగిన్రు. అయినా రెండు నిమిషాలు."

కమల్ ముక్కులో రెండో తుమ్ము బయలుదేరింది. ఒంటి తుమ్మయితే ఆగాలి, జంట తుమ్మయితే నిక్షేపంగా పోవచ్చు. చిన్నప్పుడు నాయనమ్మ వెంకటరమణమ్మ స్కూలుకు పంపుతూ రోజూ చెప్పిన చట్టమది. ఇప్పుడు ఇంకొక్కటి తుమ్మాడో, తన్మయి లేచి చక్కా పోతుంది. పై పెదవి కొరికి పట్టాడు. కళ్ళు నీళ్ళు కారాయి. ముక్కు మండిపోయింది.

"గెట్ అప్!" రెనార్డ్ ఆమె భుజం పట్టుకోబోయాడు.

అడ్డంగా ఒక గ్లాసు వచ్చింది. అంచుదాకా నిండిన నీళ్ళు. పట్టుకున్నది అనన్య.

"తాగనీండి సార్, ఒక్క నిమిషం," అని, తన్మయి వైపు తిరిగి తెలుగులో అంది. "నెమ్మదిగా తాగమ్మా, పొరబోతాది. కంగారేటి?"

తన్మయి గుక్క గుక్కగా తాగింది. రెనార్డ్ వాచీ చూసుకున్నాడు. గ్లాసు ఖాళీ అయింది. ఆమె లేచింది.

అప్పుడు ముందు తలుపు తెరుచుకుంది. తాళం లేని తలుపు కదా, టీమ్ పగలగొట్టనక్కర్లేకపోయింది. సీతాదేవి మేడం పిస్టల్‌తో లోపల అడుగు పెట్టగానే కమల్ పెదవి వదిలేశాడు. రెండో తుమ్ముకు మీసం ఎగిరి రెనార్డ్ తెల్ల సూటు మీద పడింది.

సాయంత్రం శాఖ ఆఫీసులో మేడం అనన్యను నిలదీసింది. "కమల్ సంగతి రెనార్డ్‌కు చెప్పింది నువ్వే. నీళ్ళు ఇచ్చిందీ నువ్వే. ఇంతకీ ఎవరి పక్షం నువ్వు?"

"పొద్దున్న ఆళ్ళ పక్షమే మేడం. నా రికార్డింగ్ కూడా ఆళ్ళ కాడే ఉంది కదా," అంది అనన్య. లిప్‌స్టిక్ చెరిగిపోయి ఉంది. "తుమ్మినప్పుడు మాత్రం మా అమ్మమ్మ పక్షం."

రికార్డింగులున్న పెట్టె టేబుల్ మీదుంది. తన్మయి దాని మూత మీద చెయ్యి వేసింది.

"ఇవి ఎవరికీ వినిపించకుండా చూడగలను," అంది మేడం. "నీ పాస్ సంగతి మాత్రం నా చేతుల్లో లేదమ్మా."

"తెలుసు మేడం. నేనే పోయి మా మేనేజర్‌కు చెప్తా. ఉద్యోగం పోతే పోనీ. నేనే చెప్పినంక ఇంక నన్ను ఎవడు బెదిరిస్తడు?"

ఆమె హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుని తలుపు తీసింది. సరిగ్గా అప్పుడే సీతాదేవి మేడం తుమ్మింది. ఒక్కటే తుమ్ము.

గదిలో అందరూ బిగుసుకుపోయారు. తన్మయి గడప మీద ఆగి, వెనక్కి తిరిగి నవ్వింది.

"ఈసారి కూసోను మేడం," అని వెళ్ళిపోయింది.

ఆమె వెంట కారు దాకా వెళ్ళాల్సిన కమల్, అనన్య మాత్రం కూర్చుని చెరో గ్లాసు మంచినీళ్ళు తాగారు. సింగపూర్ భద్రతకు బాధ్యురాలైన సీతాదేవి మేడమే స్వయంగా జగ్గు అందించింది.